గ్రామఫోను చేసిన దొర

మా ఊరి మ్యూజియంలో ఉన్న ప్రతి వస్తువుకూ దాన్ని తయారుచేసినవాడి పేరు ఉండి తీరాలని ఉత్తర్వు వచ్చినప్పుడు అందులో నాకేమీ తప్పు కనిపించలేదు. వస్తువు ఉందంటే ఎవరో ఒకరు చేసే ఉంటారు. చేసినవాడికి ఏదో ఒక పేరు ఉండే ఉంటుంది. ఆ పేరు రాయమన్నారు. ప్రభుత్వానికి ఇంత సూటి ఆలోచన రావడం అరుదు.

చిక్కు కంప్యూటరుతో వచ్చింది. వస్తువుల వివరాలన్నీ కొత్తగా అందులో ఎక్కిస్తున్నారు. ‘తయారీదారు’ అని ఒక గడి ఉంది. అది నిండితే గాని తరవాతి వస్తువు దగ్గరికి పోనివ్వదు. ‘తెలియదు’ అని కొడితే గడి ఎర్రబడి, కంప్యూటరు కీచుమంటుంది. ఆ కీచు వింటే క్యూరేటరు వైకుంఠరావుగారికి చెమటలు పట్టేవి. ఆయనకు ఖాళీ అంటే మొదటినుంచీ భయం. గది మూల ఖాళీగా ఉంటే పూలకుండీ పెట్టిస్తారు. గోడ ఖాళీగా ఉంటే నినాదం రాయిస్తారు. మాటల మధ్య ఖాళీ వస్తే ‘ఆ విధంగా’ అంటారు. అలాంటి మనిషిని ఖాళీ గడి ముందు కూర్చోబెట్టారు.

అయినా ఆయన పట్టు వదల్లేదు. రాతి గొడ్డలికి ‘ఆదిమానవుడు’ అని కొట్టారు. కంప్యూటరు తండ్రి పేరు అడిగింది. ‘ఆదిమానవుడు, సీనియర్’ అని కొట్టారు. ఒప్పుకుంది. హాల్లో వేలాడే తిమింగలం ఎముకలకు ‘దేవుడు’ అని రాసి, చిరునామా గడిలో ‘అంతటా’ అన్నారు. దానికీ ఒప్పుకుంది. గ్రామఫోను దగ్గర మాత్రం పని ఆగిపోయింది.

పేరు లేక కాదు, పేర్లు ఎక్కువై. మోటారు మీద స్విట్జర్లాండులోని ఏదో ఊరి పేరుంది. బాకా అడుగున జర్మను అక్షరాలున్నాయి. సూది బిగించే డబ్బీ మీద ఫ్రెంచి మాట. పెట్టె లోపల లండను దుకాణం చీటీ. పెట్టె ముందు భాగంలో సగం చెరిగిపోయిన పక్షి బొమ్మ. ఆ రోజుల్లో ఐరోపాలో ఒకడు మోటారు చేస్తే మరొకడు బాకా చేసేవాడట. ఇంకెవడో అవన్నీ కొని, ఒకచోట బిగించి, పైన తన బొమ్మ అంటించేవాడట. గడిలో మాత్రం ఒక్క పేరే పడుతుంది.

ఇలాంటి వస్తువులకు నిపుణుల సంఘం వేయాలని ఉత్తర్వులోనే ఉంది. యంత్రం కనక ఒక ఇంజనీరు, పక్షి కనక ఒక పశువైద్యుడు. ఆ తరవాతి వాక్యం ఇది: ‘తయారుచేయుట అనునది మూలమున మానసిక వ్యాపారము కావున ఒక మనస్తత్వ నిపుణుడు.’ మా కాలేజీలో మనస్తత్వశాస్త్రం చెప్పేది నేనొక్కణ్ణే. ఇంట్లోనూ నేనొక్కణ్ణే. మనుషులకంటే వాళ్ళ మనసులతోనే నాకు పరిచయం ఎక్కువ. అందులో సౌకర్యం ఉంది. మనసులు కాఫీకి రావు.

సంఘంలో నా పేరు వేసిన రోజు సాయంత్రం నేను అద్దెకున్న ఇంటి యజమానురాలు తాయారమ్మగారు కింది వాటాలోంచి మేడ మెట్లెక్కి వచ్చారు. ఆవిడకు మోకాళ్ళ నొప్పులు. మెట్లెక్కారంటే విషయం పెద్దదన్న మాట.

“మాస్టారూ, నా పెట్టె మీద కమిటీ వేశారంట. అందులో మీరూ ఉన్నారంట.”

“ఉన్నానండి. ఆ గ్రామఫోను మీదా?”

“నాది కాకపోతే ఎవరిదండీ? మా నాన్నగారిది. పాత సామాన్ల ప్రదర్శన అని ఆ వైకుంఠరావు వచ్చి, బతిమాలి పట్టుకెళ్ళాడు. ప్రదర్శన అయిపోయింది. పెట్టె ఇవ్వయ్యా అంటే, చేసినోడెవడో తేలేదాకా ఇవ్వకూడదంటాడు. చేసినోడు తేలితే వాడికిస్తాడేమో, అది చెప్పడు!”

“ఇప్పుడంత తొందరేమొచ్చిందండీ?”

ఆవిడ కుర్చీలో కూర్చుని చెప్పుకొచ్చారు. చిన్నప్పుడు తాయారమ్మగారు, వాళ్ళక్క మాణిక్యాంబగారు మద్రాసు వెళ్ళి కలిసి ఒక పాట పాడి రికార్డు ఇచ్చారట. రెండో చరణం చివర ఒక విరుపు ఉంది. అది విని అందరూ ఆహా అనేవారట. ఆ విరుపు ఎవరిదన్న దాని మీద అక్కచెల్లెళ్ళకు పెళ్ళిళ్ళకు ముందే తగువొచ్చింది. నాన్నగారు పోయాక అక్క రికార్డు పట్టుకుపోయింది. చెల్లెలు పెట్టె అట్టేపెట్టుకుంది. పెట్టె లేకుండా రికార్డు, రికార్డు లేకుండా పెట్టె, చెరో ఊళ్ళో ఇన్నాళ్ళూ ఉన్నాయి.

“ఇప్పటికి దిగొచ్చిందండీ మా అక్క. వచ్చే గురువారం రికార్డు పట్టుకొస్తానని కబురెట్టింది. నాన్న పెట్టె మీదే వింటుందట. వేరే పెట్టె మీదయితే గొంతులు మారిపోతాయట. ఆ రోజు పెట్టె లేకపోతే నేనే భయపడి దాచేశానంటది. మళ్ళీ ఈ జన్మకు గడప తొక్కదు.”

“విరుపు మీదేనాండీ?”

“అదేం ప్రశ్నండీ! నాదే.”

ఈ ‘నాదే’లో ఒక చిన్న తడబాటు వినిపించింది నాకు. వృత్తి అలవాటు.

మొదటి సమావేశం మ్యూజియం హాల్లో, తిమింగలం కింద జరిగింది. ఇంజనీరు గోపాలస్వామిగారు గ్రామఫోను చుట్టూ ఒకసారి తిరిగి గొంతు సవరించుకున్నారు.

“స్థూలంగా ఇదొక నిర్మాణం. నాలుగు భాగాలకు నలుగురు తయారీదారులు ఉండగా ఒక్కరినే అడగడం సాంకేతికంగా అసాధ్యం. కాబట్టి భాగాలు విడగొట్టి నాలుగు అద్దాల పెట్టెల్లో పెట్టవలసిందిగా సిఫారసు. ఒక్కొక్క దానికి ఒక్కొక్క పేరు. పెట్టెను మాత్రం రంపంతో కోయాల్సి వస్తుంది.”

వైకుంఠరావుగారి ముఖం వెలిగింది. ఒక వస్తువు నాలుగవుతోంది. ఆయన జీవితంలో మ్యూజియం ఇంత వేగంగా ఎప్పుడూ పెరగలేదు.

“ఆ విధంగా...” అన్నారు.

“ఆగండి,” అన్నారు పశువైద్యులు డాక్టర్ ప్రసన్నకుమార్. ఆయన అప్పటిదాకా భూతద్దంతో పక్షి బొమ్మను చూస్తున్నారు. “ఇది కోడి. మెడ ఒక పక్కకు తిరిగిపోయింది. రెక్క వాలింది. కన్ను సగం మూసుంది. నా అనుభవంలో ఇది కొక్కెర తెగులు.”

“బొమ్మకాండీ?” అన్నాను.

“బొమ్మ గీసినవాడు ఎదురుగా కోడిని పెట్టుకునే కదండీ గీసుంటాడు. ఆ కోడికి తెగులు ఉంది. అది అంటుకునే జబ్బు. నేను చూశాక చూడనట్టు ఎలా ఉంటానండీ? రేపేమైనా అయితే నా ఉద్యోగానికి ఎవరు పూచీ?”

ఆ మాటతో అందరూ ఒక అడుగు వెనక్కి వేశారు. నేనూ వేశాను. భయం పుట్టడానికి కారణం అక్కర్లేదని పాఠం చెప్పేవాణ్ణి గనక నా అడుగును నేను ఆసక్తిగా గమనించుకున్నాను.

సాయంత్రానికి గ్రామఫోనును వెనక గదిలోకి మార్చి చుట్టూ సున్నం చల్లారు. గుమ్మంలో ఫినాయిలు నీళ్ళ పళ్ళెం పెట్టారు. చూడటానికి వచ్చినవాళ్ళు అందులో కాళ్ళు ముంచి లోపలికి వెళ్ళాలి. ముందుజాగ్రత్తగా తిమింగలానికి కూడా మందు కొట్టారు.

ఒక మంచి జరిగింది. జబ్బుతో ఉన్నదాన్ని కోయకూడదని డాక్టరుగారు రాసిచ్చారు. రంపం ఆగింది. ఈలోగా తయారీదారు మనసు ఎలాంటిదో నిర్ణయించి నివేదిక ఇమ్మని నన్ను అడిగారు. మనసు తెలిస్తే మనిషి దొరుకుతాడు, మనిషి దొరికితే పేరు దొరుకుతుంది. ఈ కొత్త జాబితా ప్రారంభోత్సవానికి కలెక్టరుగారు వచ్చి కంప్యూటరు మీట నొక్కే రోజు దగ్గర పడింది. ఆలోపు పేరు దొరక్కపోతే జబ్బైనా సరే కోత తప్పదన్నారు.

వెనక గదిలో ఆ యంత్రం ఎదురుగా కూర్చున్నాను. కాళ్ళు ఫినాయిలు కంపు కొడుతున్నాయి. చాలాసేపు దాన్ని చూశాను. తరవాత కలం కదిలింది. నేను రాసింది ఇంచుమించు ఇది:

‘దీన్ని చేసినవాడు ఒంటరి. ఇతరుల గొంతు ఇంట్లో వినిపించాలని ఉంది గాని, ఇతరులు ఇంట్లో ఉండకూడదు. తాను కీ ఇస్తే పాడాలి, సూది ఎత్తితే ఆగిపోవాలి, ఎదురు ప్రశ్న వేయకూడదు. బాకా ఎంతో పెద్దది. కాని అందులోకి మాట్లాడితే యంత్రానికి ఏమీ వినిపించదు. అంటే ఇతనికి వినడం ఇష్టం, చెప్పడం భయం. పెట్టెకు తాళం ఉంది. తాళం తీసేవాళ్ళు వస్తారేమోనని కొంతకాలం చూసి ఉంటాడు. రాకపోయేసరికి అదే మేలనుకుని ఉంటాడు.’

సమావేశంలో చదివాను. ముగించేసరికి వైకుంఠరావుగారు ‘ఆ విధంగా’ అనడం కూడా మర్చిపోయారు.

“అద్భుతం,” అన్నారు ఇంజనీరుగారు. “ఇంత స్పష్టమైన అంచనా మా శాఖలో వంతెనలకు కూడా ఉండదు. ఇక మనిషిని పట్టుకోవడమే. ఐరోపా దేశాలన్నిటికీ ఉత్తరాలు రాద్దాం.”

“అలా కుదరదండి,” అన్నారు వైకుంఠరావుగారు, ఉత్తర్వు తిరగేస్తూ. “‘విదేశములతో ఉత్తర ప్రత్యుత్తరములు జరుపుటకు పూర్వము స్థానికముగా విచారించవలెను.’ ముందు మన ఊళ్ళో వెతకాలి.”

“ఐరోపా గ్రామఫోను కదండీ,” అన్నాను.

“నియమం గ్రామఫోనును చూసి రాయలేదండి మాస్టారూ.”

డాక్టరుగారు నా వైపే చూస్తున్నారు. మొదటి రోజు కోడిని చూసిన చూపు.

“ఒంటరి,” అన్నారు మెల్లగా. “వినడం ఇష్టం, చెప్పడం భయం. గదికి తాళం. సాయంత్రాలు కాలవ గట్టు మీద ఒక్కడే నడుస్తాడు.”

“కాలవ గట్టు నివేదికలో లేదండీ.”

“లేదు. నేను చూశాను.”

అందరూ నన్ను చూశారు. మనిషి తనను తాను ఎక్కడ దాచుకుంటాడో క్లాసులో ఎన్నోసార్లు చెప్పాను. ఇతరుల గురించి రాసే నివేదికల్లో అని చెప్పడం మరిచినట్టున్నాను.

“నేను పుట్టకముందే దీన్ని చేశారండీ!” అన్నాను.

“పుట్టిన తేదీకి ఇందులో గడి లేదండి,” అన్నారు వైకుంఠరావుగారు ఆప్యాయంగా. “ఇదిగో చూడండి. ‘అసలు తయారీదారు లభించని పక్షమున, గుణగణములు సరిపోలిన వ్యక్తిని భావిత తయారీదారుగా పరిగణింపవచ్చును.’ మీరు ఊఁ అంటే చాలు. లేదంటే, మరి, రంపమే.”

తాయారమ్మగారు మెట్లెక్కిన చప్పుడు గుర్తొచ్చింది. ఊఁ అన్నాను.

నా పేరు కొట్టగానే గడి పచ్చబడింది. కంప్యూటరు కీచుమనలేదు. వైకుంఠరావుగారు కళ్ళు తుడుచుకుని నాకు శాలువా కప్పారు.

తరవాతి పరిణామాలు ఒకదాని వెనక ఒకటి సక్రమంగానే వచ్చాయి. వస్తువు ఐరోపాది, చేసినవాణ్ణి నేను, కనక నేను ఐరోపావాణ్ణి. ఎస్సైగారు విదేశీయుల రిజిస్టరు పట్టుకుని వచ్చారు.

“ఎప్పుడొచ్చారండీ ఇండియాకి?”

“పుట్టినప్పుడు.”

“అంతకుముందు ఎక్కడుండేవారు?”

ఈ ప్రశ్న మీద నేను చాలా ఏళ్ళుగా ఆలోచిస్తున్నాను. ఆ మాటే చెప్పాను. ఆయన ‘విచారణలో ఉంది’ అని రాసుకుని వెళ్ళారు.

ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరుగారు వచ్చి నా గది అంతా కలయజూశారు. కార్మికులకు మరుగుదొడ్డి ఉందా అన్నారు. కార్మికులే లేరన్నాను. అయితే ఆడ కార్మికులకు వేరేగా ఉందా అన్నారు. వీధిలో కిళ్ళీ కొట్టతను ‘దొరగారూ’ అని పిలవడం మొదలెట్టాడు. ఎవరింట్లోనో మిక్సీ పాడైతే నా దగ్గరికి పంపారు. అన్నిటికంటే వింత నాలో జరిగింది. వెనక గదిలో ఆ పెట్టెను చూసినప్పుడల్లా మోటారుకు నూనె పెట్టి ఎన్నాళ్ళయిందోనని బెంగ కలిగేది. బాకా మీద సొట్ట చూస్తే నా పనితనానికి నాకే సిగ్గేసేది. ఎదుటివాళ్ళు పదిసార్లు అన్న మాటను మనసు తన జ్ఞాపకంగా దాచుకుంటుందని పుస్తకాల్లో చదివాను. అది ఇంత హాయిగా జరుగుతుందని ఏ పుస్తకమూ చెప్పలేదు.

బుధవారం తాయారమ్మగారు మళ్ళీ మెట్లెక్కారు.

“చేసినోడు తేలాడుగా. మరి నా పెట్టె ఏదీ?”

నేను సంగతి చెప్పాల్సి వచ్చింది. కంప్యూటర్లో ఎక్కిన వస్తువు బయటికి పోవడానికి గడి లేదట. లోపలికి రావడానికే ఉందట. వైకుంఠరావుగారు ఎంతో వెతికారు. ‘సొంతదారుకు తిరిగి ఇచ్చుట’ అనేదే లేదు. ‘దొంగతనము’, ‘చెదలు’, ‘మరమ్మతు నిమిత్తము తయారీదారునకు’ ఈ మూడే ఉన్నాయి.

తాయారమ్మగారు నన్ను తేరిపార చూశారు.

“మాస్టారూ, మీరు బాగా చదువుకున్నారు గాని, మీకు చెప్పింది మీకే వినపడదండీ. తయారీదారు ఎవరు?”

“నేను.”

“పెట్టె పాడుతోందా?”

“లేదండీ. ఎవరూ కీ ఇవ్వడం లేదు.”

“పాడటం లేదంటే పాడైనట్టా, కాదా? మీ సరుకు పాడైతే మీరు బాగుచెయ్యరా? సిగ్గుండక్కర్లేదూ?”

నిజంగానే సిగ్గేసింది. గబగబా చొక్కా వేసుకుని మ్యూజియానికి వెళ్ళాను. నా సరుకు పాడటం లేదని తెలిసింది, తీసుకెళ్ళి బాగుచేసి ఇస్తానని చెప్పాను. వైకుంఠరావుగారు కదిలిపోయారు. తాను చేసిన వస్తువును వెతుక్కుంటూ వచ్చిన తయారీదారును ఆయన సర్వీసులో చూడలేదు. ఆదిమానవుడు రాలేదు. దేవుడూ రాలేదు.

డాక్టరుగారు వచ్చి పక్షిని మరోసారి పరీక్షించారు. “రోగి కోలుకున్నట్టే. మెడ మాత్రం ఇక ఇంతే,” అని రాసిచ్చారు. గ్రామఫోనును రిక్షాలో ఎక్కించారు. మరమ్మతు పర్యవేక్షించడానికి వైకుంఠరావుగారు మర్నాడు పొద్దున్నే మా ఇంటికి వస్తానన్నారు. వచ్చారు.

మాణిక్యాంబగారు ఆయన కంటే ముందే వచ్చి కూర్చున్నారు. సన్నగా, నిటారుగా ఉన్నారు. రికార్డును తువాలులో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నారు. బస్సులో పక్క సీటుకు కూడా టిక్కెట్టు కొని, ఎవరినీ కూర్చోనివ్వలేదట.

“మంచినీళ్ళు తాగక్కా.”

“తరవాత. ముందు పెట్టె తియ్యి.”

“కాళ్ళు కడుక్కో అదే చేత్తో.”

“నేను కాళ్ళతో వింటానా? తియ్యవే!”

నేను కీ ఇచ్చాను. మాణిక్యాంబగారు రికార్డు పెట్టారు. తాయారమ్మగారు సూది దించారు. ముందు రేకు కప్పు మీద వాన పడుతున్న చప్పుడు. ఆ చప్పుడు వెనక నుంచి ఇద్దరు ఆడపిల్లలు, ఒకరి పాదం ఒకరు అందుకుంటూ. మొదటి చరణం అయింది. రెండోది వచ్చింది. దాని చివర, నవ్వు రాబోతుంటే ఆపుకున్నట్టు, గొంతు ఒక్కచోట చిన్నగా విరిగి మళ్ళీ అతుక్కుంది.

నేను వాళ్ళ ముఖాలు చూశాను. ఒకరి ముఖంలో గెలుపు, మరొకరి ముఖంలో ఓటమి కనిపిస్తాయనుకున్నాను. రెండూ కనిపించలేదు.

“ఇంకోసారి పెట్టు,” అన్నారు మాణిక్యాంబగారు.

ఇంకోసారి విన్నాం. పాట అయిపోయాక కూడా సూది గీతల్లో తిరుగుతూనే ఉంది. ఎవరూ ఎత్తలేదు.

“తాయారూ,” అన్నారు మాణిక్యాంబగారు. “ఇది నువ్వే.”

“నేనా? నా గొంతు ఇంత మెత్తగా ఎప్పుడుందక్కా? నువ్వే!”

“నేనైతే నాకు తెలీదా?”

“నాకు మాత్రం తెలీదా?”

“అప్పట్నించీ నాదే నాదే అని చంపుకుతిన్నావు గదే! తీరా నీది నీకిస్తుంటే కాదంటావేం?”

“నువ్వు మాత్రం అనలేదా? పెద్దదానివి, నువ్వే పుచ్చుకో!”

తగువు మళ్ళీ మొదలైంది. వేడి ఏమీ తగ్గలేదు. దిక్కు మాత్రం మారింది. ఇన్నాళ్ళూ ఒకరినుంచి ఒకరు లాక్కున్నదాన్ని ఇప్పుడు ఒకరి చేతిలో ఒకరు కుక్కుతున్నారు. చివరికి ఇద్దరూ నా వైపు తిరిగారు.

“చేసింది మీరంటగా. మీరు చెప్పండి, ఎవరిదో,” అన్నారు మాణిక్యాంబగారు.

వినడం ఇష్టం, చెప్పడం భయం. నోరు తెరిచాను గాని మాట రాలేదు.

వైకుంఠరావుగారు ఆ ఖాళీని భరించలేకపోయారు.

“ఆ విధంగా,” అన్నారు లేచి నిలబడి, “యంత్రం పాడింది. మరమ్మతు పూర్తయినట్టే. రిక్షా బయటే ఉంది. అన్నట్టు, రికార్డు కూడా యంత్రంలో భాగమే కదండీ? దాన్నీ ఎక్కించాల్సి ఉంటుంది. దీనికి తయారీదారు గడిలో, పాడినవారి పేరు, ఒక్కరిదే, ఎవరిదని కొట్టమంటారు?”

తాయారమ్మగారి చెయ్యి పెట్టె మీద పడింది. మాణిక్యాంబగారి చెయ్యి రికార్డు మీద పడింది. అక్కచెల్లెళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

“మాస్టారిదే!” అన్నారు.

ఇద్దరూ ఒక్కసారే అన్నారు. అందులో ఏ గొంతు ఎవరిదో నాకు తెలియలేదు.

వైకుంఠరావుగారు తృప్తిగా రాసుకున్నారు. ఆ విధంగా ఐరోపాలో పుట్టి, నేను పుట్టకముందే గ్రామఫోను చేసి, దాని మీద ఆడపిల్లనై పాట కూడా పాడినవాణ్ణయ్యాను. కలం జేబులో పెట్టుకుని, రిక్షావాణ్ణి కేక వేయడానికి ఆయన గుమ్మం వైపు నడిచారు.

“మరమ్మతు పూర్తి కాలేదండీ,” అన్నాను. ఆ మాట అన్నది నేనేనని నాకు ఆలస్యంగా తెలిసింది.

ఆయన ఆగారు. “పాడిందిగా! ఇంకా లోపమేమిటి?”

“రెండు గొంతులు విడివిడిగా వినిపించడం లేదు.”

ఆయన జేబులోంచి మళ్ళీ కలం తీశారు. చేసినవాడి మాట కనక కాదనలేకపోయారు. “ఎంతకాలం పడుతుందంటారు?”

తాయారమ్మగారు అప్పటికే కొత్త సూది బిగిస్తున్నారు. మాణిక్యాంబగారు కీ తిప్పుతున్నారు. మంచినీళ్ళ గ్లాసు ఖాళీ అయి ఉంది.

“చాలాకాలం పడుతుందండీ,” అన్నాను.